ఒక్క లంకె ఊడితే...

ఇంగ్లండులో ఇల్లు మారడమంటే ఒక్క కుటుంబం వ్యవహారం కాదు. ముందూ వెనకా ఉన్న నాలుగైదు కుటుంబాలు ఒకే రోజు, ఒకే పూట కదలాలి. సంతకాలు అయిపోయాక వాళ్లలో ఒక్కరు ఆగిపోయినా... మిగిలినవాళ్ల డిపాజిట్లూ ఇళ్లూ చిక్కులో పడతాయి!

శుక్రవారం మధ్యాహ్నం. లండన్‌కి పడమటి దిక్కునున్న రెడింగ్ పట్టణం. ఓ ఫ్లాట్ ముందు సామాన్ల లారీ ఆగి ఉంది. మంచాలు, ఫ్రిజ్, పిల్లల సైకిళ్లు, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ, చివరికి దేవుడి మందిరం కూడా అందులోకి ఎక్కేశాయి. గంట ఒకటిన్నర. రెండయింది. సొలిసిటర్ దగ్గర్నుంచి ఫోన్ రావాలి. 'డబ్బు అందింది, తాళాలు తీసుకోండి' అనాలి. రెండున్నరకు ఫోన్ మోగింది.

''ఏమండీ, ఏమన్నారు?''

''మన ఫ్లాట్ కొంటున్నవాళ్ల డబ్బు రాలేదట. ఇక రాదేమో అంటున్నారు.''

కొత్త ఇంటి తాళాలు లేవు. పాత ఇంట్లో కర్టెన్లు కూడా లేవు. లారీకి గంటగంటకీ బాడుగ పెరుగుతోంది. ఇదేమీ ఫలానావాళ్ల కథ కాదు, ఊహాచిత్రమే. కానీ, ఇంగ్లండు, వేల్స్‌లలో ఇల్లు కొని అమ్మేవాళ్లందరినీ భయపెట్టే దృశ్యం ఇదే. 'ఇల్లు కట్టిచూడు, పెళ్లి చేసిచూడు' అన్నారు మన పెద్దలు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు దానికి మరో ముక్క చేర్చుకోవాలి... 'ఇల్లు మారి చూడు' అని!

గొలుసు ఇలా పడుతుంది

అక్కడ చాలామంది ఉన్న ఇల్లు అమ్మి, ఆ డబ్బుతోనే కొత్తది కొంటారు. రెండూ ఒకే రోజు జరగాలి. వాళ్లకి అమ్మేవాళ్లూ మరో ఇల్లు కొనుక్కుంటూ ఉంటారు. అలా ఒకరి వెనక ఒకరు చేరి గొలుసు తయారవుతుంది. దాన్నే 'చెయిన్' అంటారు. అడుగున మొదటిసారి ఇల్లు కొంటున్న జంట ఉంటుంది. కొసన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికో, వృద్ధాశ్రమానికో వెళ్లిపోతున్న పెద్దావిడ ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్లందరూ అటు అమ్మేవాళ్లే, ఇటు కొనేవాళ్లే.

'ఈ ధరకు ఇస్తాం', 'సరే తీసుకుంటాం' అనుకున్నంత మాత్రాన అక్కడ బేరం కుదిరినట్టు కాదు. 1989లో వచ్చిన చట్టం ప్రకారం స్థిరాస్తి ఒప్పందం కాగితం మీద ఉండాలి. షరతులన్నీ అందులోనే ఉండాలి. సంతకాలుండాలి. అప్పటిదాకా ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. సొలిసిటర్ ఫీజు, సర్వే ఖర్చు పోతాయంతే.

అసలు ముడి పడేది 'ఎక్స్ఛేంజ్' నాడు. ఒకే ఒప్పందం రెండు ప్రతులు తయారుచేస్తారు. అమ్మేవాళ్లు ఒకదానిమీద, కొనేవాళ్లు ఇంకోదానిమీద సంతకం పెడతారు. వాటిని సొలిసిటర్లు మార్చుకుంటారు. ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని కాదు, ఫోన్‌లోనే! లా సొసైటీ ఇందుకోసం కొన్ని సూత్రాలు రాసిపెట్టింది. గొలుసు బేరాలకు వాడేది 'ఫార్ములా సి'. దాని ప్రకారం ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు వెళ్తాయి. కాసేపట్లో గొలుసంతా బిగుసుకుంటుంది. ఇల్లు చేతికొచ్చే 'కంప్లీషన్' తేదీ కూడా అప్పుడే ఖాయమవుతుంది. సాధారణంగా రెండింటికీ మధ్య ఒకటి నుంచి నాలుగు వారాల గడువు. ప్రమాదమంతా ఆ గడువులోనే ఉంది.

(స్కాట్లండు పద్ధతి వేరు. అక్కడ సొలిసిటర్లు రాసుకునే ఉత్తరాలతోనే ఒప్పందం కుదురుతుంది.)

డబ్బు పైకి పాకుతుంది

ఎక్స్ఛేంజ్ నాడు కొనేవాళ్లు ధరలో 10 శాతం డిపాజిట్ కట్టాలి. ఇది రివాజు. అక్కడ ఎక్కువమంది వాడే 'స్టాండర్డ్ కండిషన్స్ ఆఫ్ సేల్' అనే నమూనా ఒప్పందమూ అదే చెబుతుంది. ఇందులో ఓ వెసులుబాటు ఉంది. అమ్మేవాళ్లు తాము ఉండటానికి మరో ఇల్లు కొంటుంటే తమకొచ్చిన డిపాజిట్‌ని ఆ ఇంటి డిపాజిట్‌గా వాడుకోవచ్చు. అంటే కింద కట్టిన డబ్బు మెట్లెక్కుతూ గొలుసు కొసదాకా వెళ్తుంది.

లెక్కల్లో చూద్దాం. అడుగున ఉన్న కొత్త జంట రెడింగ్ ఫ్లాట్‌ని రెండున్నర లక్షల పౌండ్లకు కొంటున్నారు. డిపాజిట్ 25 వేలు. ఫ్లాట్ అమ్ముతున్న ఇంజినీరు కుటుంబం 4 లక్షల ఇల్లు కొంటోంది. డిపాజిట్ 40 వేలు. జంట ఇచ్చిన 25 వేలకు తమ 15 వేలు కలిపారు. ఆ ఇల్లు అమ్ముతున్న డాక్టరు కుటుంబం ఆరున్నర లక్షల ఇంటికి మారుతోంది. డిపాజిట్ 65 వేలు. చేతికొచ్చిన 40 వేలకు తమ 25 వేలు జోడించారు. ఇప్పుడు మొత్తం 65 వేల పౌండ్లూ కొసనున్న పెద్దావిడ సొలిసిటర్ దగ్గర ఉన్నాయి. కంప్లీషన్ దాకా ఆయన వాటిని రెండు పక్షాల తరఫునా మధ్యవర్తిగా దాస్తాడు.

ఎక్స్ఛేంజ్‌తో ఇంకోటీ చేతులు మారుతుంది. ఈ నమూనా ఒప్పందం ప్రకారం ఆ రోజు నుంచే ఇంటికి జరిగే నష్టం కొనేవాళ్లది. తాళాలు చేతికి రాకముందే ఇల్లు కాలిపోయినా డబ్బు కట్టాల్సిందే. అందుకే బీమా ఎక్స్ఛేంజ్ నాటి నుంచే ఉండాలి.

ఎందుకు తెగుతుంది?

సంతకాలయ్యాక కావాలని వెనక్కి తగ్గేవాళ్లు తక్కువ. తగ్గక తప్పని పరిస్థితులే ఎక్కువ. అన్నింటికంటే పెద్దది బ్యాంకు రుణం. రుణం మంజూరైందని ఉత్తరం ఇచ్చినా, డబ్బు విడుదల చేసేలోపు దరఖాస్తుదారు పరిస్థితి మారితే దాన్ని ఉపసంహరించుకునే హక్కు బ్యాంకులు అట్టిపెట్టుకుంటాయి. ఉద్యోగం పోవడం, కొత్తగా కారు కోసం అప్పు చేయడం... ఏదైనా కారణం కావచ్చు. భార్యాభర్తలు విడిపోవడం, వ్యాపారం దివాలా తీయడం కూడా గొలుసుని తెంపుతాయి. చివరికి చావు కూడా ఒప్పందాన్ని రద్దుచేయదు. పోయినవాళ్ల ఆస్తి మీద ఆ బాధ్యత అలాగే ఉంటుంది. కాకపోతే వారసత్వపు కాగితాలు చేతికొచ్చేసరికి తేదీ దాటిపోతుంది.

ఎవరి తప్పూ లేకుండా కూడా ఆగిపోవచ్చు. 2014 అక్టోబరు 20న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు చెల్లింపుల వ్యవస్థ గంటల తరబడి పనిచేయలేదు. ఆ రోజు ఇళ్లు మారాల్సినవాళ్లు డబ్బు అందక వీధుల్లో ఎదురుచూశారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. వీలైతే ఇల్లు మారడం వాయిదా వేసుకోమని మార్చి 26న ప్రభుత్వం కోరింది. అప్పటికే ఎక్స్ఛేంజ్ అయిపోయినవాళ్ల సంగతేంటి? కొత్త తేదీ కోసం ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలన్నారు. ఎక్స్ఛేంజ్ చేసుకున్నవాళ్ల రుణం గడువుని మూడు నెలల దాకా పొడిగించే ఏర్పాటు చేస్తామని బ్యాంకుల సంఘం ప్రకటించింది. అంతేకానీ, ఒప్పందాలు వాటంతటవే రద్దుకాలేదు.

రెండు దాటితే...

నమూనా ఒప్పందంలో గడువు మధ్యాహ్నం 2 గంటలు. ఆ తర్వాత అందిన డబ్బు మర్నాటి పనిదినం అందినట్టు లెక్క. శుక్రవారం రెండు దాటితే ఇక సోమవారమే! ఆ ఆలస్యానికి వడ్డీ కట్టాలి. లా సొసైటీ రేటు బ్యాంకు బేస్ రేటు కన్నా 4 శాతం ఎక్కువ. బేస్ రేటు 4 అనుకుంటే వడ్డీ 8 శాతం. మన గొలుసులో కొత్త జంట ఇంకా కట్టాల్సింది 2 లక్షల 25 వేలు. రోజుకు 49 పౌండ్ల వడ్డీ. ఇంజినీరు కట్టాల్సింది 3 లక్షల 60 వేలు. రోజుకు 79 పౌండ్లు. డాక్టరుకు 128. పైకి వెళ్లేకొద్దీ భారం పెరుగుతుంది.

ఇక్కడితో ఒప్పందం రద్దయిపోదు. సిద్ధంగా ఉన్న పక్షం 'నోటీస్ టు కంప్లీట్' ఇస్తుంది. పది పనిదినాల్లో పూర్తిచేయాలి. అప్పటిదాకా డిపాజిట్ 10 శాతం కంటే తక్కువ కట్టి ఉంటే, నోటీసు అందగానే మిగతాదీ చెల్లించాలి. 'అయిదు శాతమే కట్టాం, పోతే అంతేకదా' అనుకునేవాళ్లకి ఇది పెద్ద షాక్.

పది రోజులూ గడిచాయా? అమ్మేవాళ్లు ఒప్పందం రద్దుచేసి డిపాజిట్ ఉంచేసుకోవచ్చు. ఇల్లు వేరేవాళ్లకి అమ్ముకోవచ్చు. ఇంకా నష్టముంటే దావా వేయొచ్చు. రెండున్నర లక్షల ఫ్లాట్ మళ్లీ అమ్మితే 2 లక్షల 15 వేలే వచ్చిందనుకోండి. నష్టం 35 వేలు. డిపాజిట్ 25 వేలు పోగా మరో 10 వేలు, పైగా ఖర్చులు అడగొచ్చు. అదే అమ్మేవాళ్లు మాట తప్పితే? కొనేవాళ్లు డిపాజిట్‌ని వడ్డీతో వెనక్కి తీసుకుని, నష్టపరిహారం కోరవచ్చు. లేదా ఆ ఇల్లే ఇప్పించమని కోర్టుకెళ్లొచ్చు.

ముందు నుయ్యి... వెనక గొయ్యి

అన్నింటికంటే దయనీయం మధ్యలో ఉన్నవాళ్ల పరిస్థితి. ఎందుకంటే గొలుసు అనేది వాడుకలోనే ఉంది, చట్టంలో లేదు! చట్టం దృష్టిలో ప్రతి బేరమూ దేనికదే. 'మా ఫ్లాట్ కొనేవాళ్లు డబ్బు ఇవ్వలేదు, అందుకే మేం మీకివ్వలేకపోయాం' అని ఇంజినీరు అంటే డాక్టరుకు దాంతో పనిలేదు.

ఈ సంగతిని 1980లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిచెప్పింది. అప్పట్లో బ్రిటన్‌లో అదే అత్యున్నత న్యాయస్థానం. ఓ కుటుంబం ఇల్లు ఖాళీచేసి కొత్త ఇంటికి బయల్దేరింది. తీరా అమ్మినవాళ్లు ఖాళీచేయలేకపోయారు. వాళ్లు కొన్న ఇల్లు వాళ్ల చేతికి రాలేదు మరి! కొన్ని వారాల తర్వాత బేరం పూర్తయింది. అయినా ఆ కొన్ని వారాలు బయట తలదాచుకున్న ఖర్చు ఎవరు భరించాలి? అనుకున్న తేదీకి ఇవ్వకపోవడమే ఒప్పందాన్ని ఉల్లంఘించడమని, అందుకు పరిహారం చెల్లించాల్సిందేనని తీర్పు వచ్చింది. మధ్యలో ఉన్నవాళ్లు ముందు తాము కట్టాలి. ఆ తర్వాత తమని ముంచినవాళ్ల దగ్గర రాబట్టుకోవాలి.

మన ఉదాహరణలో ఆ జంట చేతులెత్తేస్తే ఏమవుతుందో చూడండి. వాళ్ల 25 వేల మీద హక్కు ఇంజినీరుది. కానీ, ఆ డబ్బు ఎప్పుడో పైకి వెళ్లిపోయింది. ఇంజినీరు కూడా కట్టలేకపోతే ఆయన 40 వేలు డాక్టరువి. డాక్టరూ ఆగిపోతే మొత్తం 65 వేలూ పెద్దావిడవి! ఇల్లూ ఆవిడదే. జంటకు 25 వేలు, ఇంజినీరుకు 15 వేలు, డాక్టరుకు 25 వేలు పోయాయి. డాక్టరు తన నష్టానికి ఇంజినీరు మీద దావా వేస్తారు. ఇంజినీరు ఆ 25 వేలూ తన 15 వేలూ కలిపి జంట మీద వేయాలి. ఇలాంటి నష్టం జరుగుతుందని ఒప్పందం నాడే ఊహించదగినదని రుజువైతే పరిహారం దక్కుతుంది. నష్టాన్ని తగ్గించుకోవడానికి తగిన ప్రయత్నం చేశామనీ చూపించాలి.

దావా గెలవచ్చు. కానీ, ఉద్యోగం పోయి, ఉన్న డబ్బంతా డిపాజిట్ కింద పోగొట్టుకున్న జంట దగ్గర రాబట్టేదేముంటుంది? కోర్టు కాగితం చేతికొస్తుంది. డబ్బు రాదు. గొలుసు తెగితే అసలు దెబ్బ ఇదే.

అప్పు చేసి నిలబడితే?

డిపాజిట్ పోగొట్టుకోవడం కంటే తాత్కాలికంగా అప్పు తెచ్చి కొత్త ఇల్లు కొనేయడం మేలని కొందరు చూస్తారు. దీన్ని 'బ్రిడ్జింగ్ లోన్' అంటారు. వడ్డీ మామూలు గృహరుణం కంటే బాగా ఎక్కువ. దానికితోడు పన్ను పోటు. పాత ఇల్లు అమ్ముడవకుండానే కొత్తది కొంటే ఇంగ్లండులో దాన్ని రెండో ఇల్లుగా లెక్కగడతారు. స్టాంపు డ్యూటీ అదనంగా 5 శాతం పడుతుంది. 2024 అక్టోబరు 30 దాకా ఇది 3 శాతమే. నాలుగు లక్షల ఇంటికి అదనపు పన్నే 20 వేల పౌండ్లు! అంతకుముందు తాము ఉన్న ఇంటిని మూడేళ్లలోపు అమ్మగలిగితే ఆ 20 వేలూ తిరిగి అడగొచ్చు. కానీ, ముందు మాత్రం కట్టాల్సిందే.

తేదీ దాటితే పన్ను ఎలా మారిపోతుందో 2025 మార్చి 31న చాలామందికి తెలిసొచ్చింది. స్టాంపు డ్యూటీ రాయితీకి అదే చివరి రోజు. ఆ రోజుకి కంప్లీషన్ కానివాళ్లు, మొదటి ఇల్లు కాకపోయినా, 2,500 పౌండ్ల దాకా ఎక్కువ కట్టారు.

పది నిమిషాలు!

గడువు విషయంలో కోర్టులు ఎంత కఠినంగా ఉంటాయో చెప్పడానికి న్యాయవాదులు తరచూ ఓ హాంకాంగ్ కేసుని తలచుకుంటారు. యూనియన్ ఈగిల్ అనే సంస్థ అక్కడ ఓ ఫ్లాట్‌ని 42 లక్షల హాంకాంగ్ డాలర్లకు కొనడానికి 10 శాతం డిపాజిట్ కట్టింది. 1991 సెప్టెంబరు 30 సాయంత్రం 5 గంటల్లోగా పూర్తిచేయాలి. సమయపాలన తప్పనిసరి అని ఒప్పందంలోనే ఉంది. డబ్బు 5 గంటల 10 నిమిషాలకు చేరింది. అమ్మినవాళ్లు ఒప్పందం రద్దుచేసి 4 లక్షల 20 వేల డాలర్ల డిపాజిట్ ఉంచేసుకున్నారు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి వెళ్లింది. 1997లో తీర్పు వచ్చింది. పది నిమిషాలైనా ఆలస్యం ఆలస్యమే!

డిపాజిట్ తిరిగి ఇప్పించే అధికారం 1925 నాటి చట్టం ఇంగ్లండు కోర్టులకు ఇచ్చింది. అయితే 10 శాతం డిపాజిట్ విషయంలో దాన్ని అరుదుగానే వాడతారు. అలాగని ఎంతైనా లాగేసుకోవడానికి వీల్లేదు. 25 శాతం డిపాజిట్ పెట్టిన ఓ జమైకా కేసులో 1993లో ప్రివీ కౌన్సిల్ అది జరిమానా కిందికి వస్తుందని, తిరిగి ఇచ్చేయాలని చెప్పింది.

మనవాళ్లకి రెండు ముళ్లు ఎక్కువ

ఆస్పత్రుల్లో, ఐటీ సంస్థల్లో పనిచేస్తూ అక్కడ ఇళ్లు కొంటున్న తెలుగువాళ్లు ఎందరో. వాళ్లకి అదనంగా రెండు సమస్యలు. మొదటిది వీసా. స్కిల్డ్ వర్కర్ వీసాపై ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువిస్తారు. ఆలోగా మరో సంస్థ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. ఎక్స్ఛేంజ్‌కీ కంప్లీషన్‌కీ మధ్య ఇలా జరిగితే రుణమూ పోతుంది, డిపాజిట్టూ పోతుంది.

రెండోది ఊరి నుంచి వెళ్లే డబ్బు. అమ్మానాన్నలు పొలమో స్థలమో అమ్మి కొడుకు ఇంటి డిపాజిట్‌కి పంపుతారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లదాకా పంపొచ్చు. అక్కడి సొలిసిటర్ ఆ డబ్బు ఎలా వచ్చిందో కాగితాలు అడుగుతాడు. అమ్మిన దస్తావేజు, బ్యాంకు ఖాతా వివరాలు, 'ఇది అప్పు కాదు, కానుక' అనే ఉత్తరం... అన్నీ ఉండాలి. 'తేదీలోగా వచ్చేస్తుందిలే నాన్నా' అనుకుని ఎక్స్ఛేంజ్ చేసుకుంటే మాత్రం ఆ గొలుసుని తెంపేది మనమే అవుతాం. డబ్బు అక్కడి ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టాలి.

ముందే అడగండి

* గొలుసులో మొత్తం ఎందరున్నారు? అందరికీ రుణం మంజూరు ఉత్తరాలు వచ్చాయా? వాటి గడువు కంప్లీషన్ తేదీ దాటి ఉందా? ఎక్స్ఛేంజ్‌కి ముందే సొలిసిటర్ని అడగాలి.

* మీ ఇల్లు కొనేవాళ్లు 10 శాతం కంటే తక్కువ డిపాజిట్ ఇస్తామంటే తొందరపడి ఒప్పుకోవద్దు. మాట తప్పితే పూర్తి 10 శాతం చెల్లించే షరతు ఒప్పందంలో ఉందో లేదో చూసుకోవాలి.

* ఎక్స్ఛేంజ్‌కీ కంప్లీషన్‌కీ మధ్య ఎడం ఎంత తక్కువైతే అంత మంచిది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మధ్యలో తెగే భయం ఉండదు. కానీ, చివరి నిమిషం దాకా ఏదీ ఖాయం కాదు.

* ఈ గడువులో ఉద్యోగం మారొద్దు. కొత్త అప్పులు చేయొద్దు.

* ఇంటి బీమా, జీవిత బీమా ఎక్స్ఛేంజ్ నాటికే ఉండాలి. ఇల్లు కొనేవాళ్ల కోసం అమ్మే బీమా పాలసీలు చాలావరకు ఎక్స్ఛేంజ్‌కి ముందు పోయిన ఖర్చులకే పనికొస్తాయి. షరతులు చదవాలి.

* వీలుంటే ముందు ఇల్లు అమ్మి, కొన్నాళ్లు అద్దెకుండి, తర్వాత కొనుక్కోవచ్చు. రెండుసార్లు సామాను సర్దాలి నిజమే. కానీ, గొలుసుతో పనుండదు.

* ఏదైనా తేడా కనిపిస్తే దాచొద్దు. ఆ రోజే సొలిసిటర్‌కి చెబితే కొత్త తేదీకి అందరినీ ఒప్పించే అవకాశం ఉంటుంది. ఒప్పుకున్నది కాగితం మీదికి రావాలి.

మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే గడువు అటూఇటూ అయినా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సర్దుకోవచ్చన్న ధీమా ఉంటుంది. ఇంగ్లండు గొలుసులో ఆ పెద్దమనుషులు లేరు. పైనున్న పెద్దావిడ ఎవరో, అడుగునున్న జంట ఎవరో ఒకరికొకరు తెలియదు. అయినా ఒకరి ఉద్యోగం మీద ఇంకొకరి గూడు ఆధారపడి ఉంటుంది. అందుకే 'మన కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి' అనుకుంటే చాలదు. 'మన కిందవాళ్లకి డబ్బు ఖాయమేనా?' అని కూడా అడగాలి. సామాన్ల లారీకి ఫోన్ చేసేముందు సొలిసిటర్‌కి చేయాల్సిన ఫోన్ అది.